తూము కింద పదకొండు ఆల్చిప్పలు

ఏలూరు,
24 ఆగస్టు 2025.

అన్నయ్యా,

ఈ ఉత్తరం చేలో నిలబడి చదవకు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాక చదువు. ఫోనులో చెబితే సగం వినగానే "సర్లేవే, తర్వాత చూద్దాం" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పెద్ద డ్రెయిను పూడికతీత ఆపించింది నేను.

మొన్న ఆదివారం మీ ఇంటికి వచ్చింది ఈ మాట చెప్పడానికే. అప్పటికి మీ చేలు నీళ్ళలో పడి ఆరో రోజు. నువ్వూ, హనుమంతరావు గారూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన కౌలుకు చేస్తున్న రెండున్నర ఎకరాల్లో రెండోసారి ఊడ్చిన ఊడ్పు కూడా కుళ్ళిపోయిందని, మూడోసారి వేద్దామంటే ఆకుమడి లేదని చెబుతున్నారు. చెబుతూనే నవ్వించారు.

"ఎవరో శాస్త్రజ్ఞుడంటండీ. మన డ్రెయిన్లో గుల్లలు ఏరుకుని, వాటికి నిద్రాభంగం కాకూడదని పైకి రాశాడంట."

నువ్వేమన్నావో గుర్తుందా? "ఆయన్నొకసారి మన ఊరు తీసుకురండి బాబాయ్ గారూ. మోకాల్లోతు నీళ్ళలో నిలబెట్టి మన ఊడ్పు చూపిస్తాను."

"ఎందుకండీ శ్రమ? ఈసారి ఓటరు లిస్టులో గుల్లల్నే ఎక్కించేస్తే సరిపోద్ది."

వదిన కాఫీ తెచ్చి నా చేతిలో పెడుతూ, "మా మృదులదీ ఆ చదువే కదండీ, ఆవిడ్ని అడగండి ఆ మహానుభావుడెవరో" అంది. ముగ్గురూ నావైపు చూశారు. "తెలియదు వదినా" అన్నాను. కాఫీ తాగాను. ఐదింటి బస్సుకి వచ్చేశాను. నా ముప్పై ఎనిమిదేళ్ళలో నీ ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పింది అదే మొదటిసారి.

జరిగింది వరసగా రాస్తాను. మా సర్వే సంగతి నీకు కొంత తెలుసు. నత్తలు, ఆల్చిప్పలు, జలగలు, తూనీగ పిల్లలు, ఇలా వెన్నెముక లేని నీటి జీవులు కొల్లేటి చుట్టుపక్కల ఏమేం మిగిలాయో చూసి రాయడం. కాలేజీలో పాఠాలు అయ్యాక శని, ఆదివారాలు మూడేళ్ళుగా అదే పని. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా నూట ఎనభై ఆరు చోట్ల నీళ్ళలో దిగాను. జల్లెడ, చేతివల ఉన్నా ఆల్చిప్పల్ని వెతకడానికి చెప్పులు విప్పి పాదాలతో వెతకడమే మేలు. గులకరాయి కాలి కింద దొర్లుతుంది. గాజుపెంకు కోస్తుంది. ఆల్చిప్ప మాత్రం బురదలో అంచు పైకి పెట్టి నిలబడి ఉంటుంది.

నూట ఎనభై ఏడో చోటు మన డ్రెయిను. ఫిబ్రవరిలో, నీరు మోకాలి దాకా ఉన్నప్పుడు, మీ చేను ఎదుట తూము కింద దిగాను. నువ్వు ఆరోజు మందు చల్లే పనిలో ఉన్నావు, కేక వేసి చెయ్యి ఊపావు. నలభై అడుగుల మేర పదకొండు ఆల్చిప్పలు దొరికాయి. పల్చగా, పొడుగ్గా, అంచున ఆకుపచ్చ గీత. అలాంటివి నేను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు.

పై చిప్ప చూసి రకం ఖాయంగా చెప్పలేం. రెండు చిప్పలు కలిసే మడత దగ్గర పళ్ళలాంటి గట్లు ఉంటాయి. అవి ఎన్ని, ఎటు వాలాయి అన్నదే గుర్తు. అది చూడాలంటే తెరవాలి. తెరిస్తే అది చస్తుంది. ఒకదాన్ని తెరిచాను, మిగతా పదీ దొరికిన చోటే పెట్టాను. తెరిచినదాన్ని కోల్‌కతాలో రకాలు తేల్చే నిపుణులకు పంపితే నెలకు జవాబు వచ్చింది. నేననుకున్న రకమే. కొల్లేట్లో దాన్ని చివరిసారి చూసిన మనిషి రాసిపెట్టి అరవై రెండేళ్ళయింది. ఆ తర్వాత ఎక్కడా ఎవరికీ దొరకలేదు. ఆ జవాబు చదివిన రోజు నీకు ఫోను చేశాను. "ఏంటే, గొంతు హుషారుగా ఉంది?" అన్నావు. "ఊరికేనే" అన్నాను. రిపోర్టు బయటికి వచ్చేదాకా చోటు ఎవరికీ చెప్పకూడదన్నది మా నియమం. చెబితే ఏరుకుపోతారని.

ఏప్రిల్ ఆఖరున డ్రెయినేజీ ఆఫీసులో రిపోర్టు ఇచ్చాను. ఆ నలభై అడుగుల మేర మెషీను దించవద్దని రాశాను. రెండు రోజుల్లో నాలుగు కిలోమీటర్ల పని మొత్తం ఆపేశారు. నేను వెళ్ళి అడిగాను, నేనడిగింది నలభై అడుగులే కదండీ అని. అక్కడి ఇంజినీరు గారు నెమ్మదిగానే చెప్పారు. "మధ్యలో నలభై అడుగుల పూడిక వదిలేసి రెండు వైపులా తవ్వితే నీరు ఎలా పారుతుంది మేడం గారూ?" రైతు ఇంట పుట్టినదాన్ని, నాకు తట్టాల్సిన మాట అది. తట్టలేదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా రాస్తాను. దొరికిన పదకొండూ పెద్దవే. చిప్ప మీద ఏటికొక గీత పడుతుంది. ఎనిమిది, తొమ్మిది గీతలున్నవే అన్నీ. పిల్లలు లేవు. ఆ వాక్యం రిపోర్టులో ఉంది. దాని అర్థం ఏమిటని నన్నెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

రిపోర్టు వెనక్కి తీసుకోమని నువ్వు అడగొచ్చు. తీసుకోలేను అన్నయ్యా. అవి అక్కడ ఉన్నాయి. ఉన్నదాన్ని లేదని రాయలేను. ఈ మాట ఊళ్ళో చెప్పాలంటే చెప్పు. మీ గడప తొక్కొద్దంటావా, తొక్కను. ఫోటో ఒకటి ఇందులో పెడుతున్నాను. మీ చేలు దేనికోసం మునిగాయో నువ్వు ఒకసారి చూడాలనిపించింది.

నీ చెల్లెలు
మృదుల.


భీమడోలు,
31 ఆగస్టు 2025.

చెల్లాయ్,

చేలో నిలబడి చదవొద్దన్నావు. నిలబడడానికి గట్టు కనపడితే కదా.

ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదటి రెండు రోజులు నీ మీద కోపంతోనే ఉన్నాను, అబద్ధం ఎందుకు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరిగాను. చొక్కా ఉతకడానికి తీసి మీ వదిన చదివేసింది. చదివి, "మహానుభావుడు మనింట్లోనే కాఫీ తాగాడన్నమాట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు. ఎవరం అడగలేదు.

మూడో రోజు ఫోటో చూశాను. అంతవరకు చూడబుద్ధి కాలేదు. చూశాక ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. నాకు రాయడం రాదు, తప్పులుంటే సర్దుకో.

నేను బాతులు పెంచిన సంగతి నీకు తెలుసు. 2019లో మొదలుపెట్టాను. నువ్వప్పుడు విశాఖపట్నంలో పీహెచ్‌డీ చేస్తున్నావు. మూడొందల బాతులు. రెండేళ్ళు ఉన్నాయి, తర్వాత జబ్బు చేసి వారంలో పోయాయి. వాటి పాక ఎక్కడ వేశానో నీకు తెలియదు. తూము పక్కనే వేశాను. నీ నలభై అడుగులూ ఆ పాక పొడుగే.

వాటికి మేత కొల్లేటికోట నుంచి వచ్చేది. నాగేశ్వరరావని, ఆటోలో వారానికి రెండుసార్లు నత్తగుల్లల బస్తాలు దించేవాడు. నత్తల్ని బాతులు మింగేసేవి. బస్తాకి అరబుట్ట ఆల్చిప్పలు కలిసి వచ్చేవి. వాటిని బండకేసి పగలగొట్టి వేయాలి. మీ వదినకి ఆ నీచువాసన పడేది కాదు. "పెళ్ళిచూపుల్లో ఈ సంగతి చెప్పలేదేం?" అని ముక్కుకి కొంగు కట్టుకునేది. పగలగొట్టే ఓపిక నాకూ లేదు. బుట్టతో తీసుకెళ్ళి గట్టు మీద నుంచి డ్రెయిన్లో కుమ్మరించేవాణ్ణి. రెండేళ్ళు అదే పని.

నీ ఫోటోలో ఉన్నవి అవే. పల్చగా, పొడుగ్గా, అంచున పచ్చ గీత. మీ వదినకి చూపించాను, "ఇవే కదండీ నా ప్రాణం తీసినవి" అంది. మన డ్రెయిన్లో మనం చిన్నప్పుడు చూసినవి గుండ్రంగా, లావుగా ఉండేవి. ఇవి మన నీళ్ళవి కావు చెల్లాయ్. నేను తెచ్చి పారేసినవి. ఎన్నో పోసి ఉంటాను, పదకొండు బతికాయి.

నువ్వు రాసింది అబద్ధం కాదు. నీకు తెలియదు. నువ్వు దిగిన రోజున నేను పిచికారీ దించి గట్టు దాకా వచ్చి ఏం చేస్తున్నావని అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది. నువ్వూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ సంగతి మీ వదినకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వను. ఆఫీసుకి రాస్తావా, మానేస్తావా, నన్ను అడగొద్దు. నాకు అక్కడ ఏడెకరాలుంది కాబట్టి ఈ విషయంలో నా మాట తీసుకోకు. రాస్తే నీ పేరు ఏమవుతుందో, అవి ఏమవుతాయో నీకే తెలుసు. నాకు తెలిసింది చెప్పాను.

హనుమంతరావు బాబాయ్ గారు ఈ సార్వా పంట వదిలేశారు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లుకి పనికి వెళ్తున్నారు. అరవై మూడేళ్ళు ఆయనకి.

గడప తొక్కొద్దని ఎవరన్నారే? పిచ్చి మాటలు రాయకు.

మీ అన్నయ్య
మురళీకృష్ణ.


ఏలూరు,
26 అక్టోబరు 2025.

అన్నయ్యా,

మెషీను దగ్గర నుంచి కదలలేనని, కదిలితే డ్రైవరు చాయ్‌కి పోయి రాడని ఫోనులో అన్నావు. ఇటువైపు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం అందాక ముందు హర్షవర్ధన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మా సర్వేకి పెద్ద. నీ ఉత్తరంలో సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మృదుల గారూ, నీటిలో దొరికింది, నీటిలో ఉందని రాశాం. అంతకు ముందు ఎక్కడుందో మనమెందుకండీ రాయడం? ఈ ఒక్కటీ తీసేస్తే మూడేళ్ళ సర్వేలో చెప్పుకోవడానికి ఏం మిగిలింది?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట మీదే నేను రెండు రోజులు ఉన్నాను. రాయకపోతే అవి బతుకుతాయి. రాస్తే మెషీను వస్తుంది. రెండూ నిజమే.

అయితే ఇంకో దారి ఉందేమోనని చూశాను. ఆ బస్తాలు నింపిన చోట ఇంకా ఉంటే, డ్రెయిన్లోవి పోయినా జాతి పోదు. అందుకని కొల్లేటికోట వెళ్ళాను. నాగేశ్వరరావు గారు పెద్దింట్లమ్మ గుడి దగ్గరే దొరికారు. నీ పేరు చెప్పగానే, "బాతుల మురళి గారి చెల్లెలాండీ!" అని తన ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. ఫోటో చూసి వెంటనే గుర్తుపట్టారు. ఆ రకం ఒకే ఒక్క మడుగులో దొరికేదట. పడవలో తీసుకెళ్ళారు.

"ఇదేనండీ" అన్నారు.

ఎదురుగా చేపల చెరువు. చుట్టూ ఎత్తుగా గట్టు, నీళ్ళలో గుంజలు, గుంజలకు మేత సంచులు వేలాడుతున్నాయి.

"కాలు పెడితే తగిలేయండి. బస్తా నిండడానికి గంట పట్టేది కాదు."

"ఎన్ని బస్తాలు తీసి ఉంటారండీ?"

"నేనొక్కడినే కాదు గదండీ. పది పడవలు. లెక్క కట్టకండి మేడం గారూ, అన్నం సయించదు." మళ్ళీ ఆయనే అన్నారు. "మేం తీసినందుకు పోలేదండీ. ఎంత తీసినా మరుసటేడు ఉండేవి. గట్టు వేశాక పోయాయి. ఏటా ఎండగడతారు, సున్నం కొడతారు, బ్లీచింగు చల్లుతారు. ఇక ఏముంటుందండీ?"

అయినా గట్టు ఇవతల చుట్టూ ఆయనా నేనూ కాళ్ళతో వెతికాం. నాలుగు గంటలు. ఖాళీ చిప్ప కూడా లేదు.

అంటే వదినా నువ్వూ పగలగొట్టకుండా కుమ్మరించిన వాటిలో మిగిలిన పదీ తప్ప, నాకు తెలిసి, ఇంకెక్కడా లేవు. నేను తెరిచి చంపిన పదకొండోదాన్ని తలుచుకోని రోజు లేదు. అది తెలిశాక రాశాను. "పై చోట లభించిన ఆల్చిప్పలు అక్కడ సహజంగా ఉన్నవి కావు. 2019, 2020 సంవత్సరాల్లో బాతుల మేతతో పాటు తెచ్చి పారవేయబడినవి. ఈ కారణంగా పూడికతీత ఆపవలసిన అవసరం లేదు." సంతకం పెట్టి ఆఫీసులో నా చేత్తో ఇచ్చాను. ఆపమని రాస్తే రెండు రోజుల్లో ఆపినవాళ్ళు, తీయమని రాస్తే ముప్పై ఎనిమిది రోజులు తీసుకున్నారు. ఆ ముప్పై ఎనిమిది రోజుల్లో మరోసారి వాన పడి మీ చేలు ఏమయ్యాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

మెషీను వచ్చే ముందురోజు నాగేశ్వరరావు గారిని తీసుకుని తూము దగ్గరికి వచ్చాను. నువ్వు మెషీను కోసం తాడేపల్లిగూడెం వెళ్ళావు. ఆయన పాదాలు నా కన్నా తెలివైనవి. రెండు గంటల్లో తొమ్మిది దొరికాయి. పదోది లేదు. బకెట్లో నీళ్ళు, బురద వేసి వాటిని పెట్టి, ఆటో ఎక్కాం.

ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుని బయలుదేరలేదు. ఇంత నీళ్ళున్న దేశంలో చోటు దొరక్కపోతుందా అనుకున్నాను.

"పంట కాలువలో వేద్దామా?" అన్నాను.

"ఎండాకాలం కట్టేస్తారు కదండీ. అడుగు నెర్రెలిస్తుంది."

"ఉప్పుటేరు?"

"పేర్లోనే ఉంది గదండీ."

"మీ ఊరి పక్క ఎవరి చెరువులోనైనా?"

ఆయన నవ్వారు. "ఇవి కనబడితే ఆ చెరువు ఆసామి నన్ను గట్టుకి కట్టేస్తాడండీ. చెరువుకి కొట్టిన సున్నమంతా చిప్ప కట్టుకోవడానికి ఇవే లాగేస్తాయని వాళ్ళ బాధ."

మీ చేలో పెట్టడం గురించీ ఆలోచించాను. కోతల ముందు ఎండగడతావు. కొల్లేట్లో గట్టు వేయని చోటు ఒకటి చూపించారు. అక్కడ దిగితే నీళ్ళు నల్లగా, ఏలూరు మురుగు వాసన. జల్లెడ వేస్తే ఎర్ర పురుగులు తప్ప ఏమీ రాలేదు. ఎర్ర పురుగులు మాత్రమే బతికే నీళ్ళలో ఇవి బతకవు, అది నా చదువు చెబుతుంది. సాయంత్రానికి ఆరు చోట్ల ఆటో ఆపాం. ఆరు చోట్లా మళ్ళీ ఎక్కాం. ఆటో అతను చివరికి, "అవేమన్నా ముత్యాలాండీ?" అని అడిగాడు. కాదన్నాను.

ఇప్పుడు మా మేడ మీద సిమెంటు తొట్టిలో ఉన్నాయి. డ్రెయిను బురదే వేశాను, కాలువ నీళ్ళు మోయించి పోస్తున్నాను. ఇది ఇల్లు కాదని నాకు తెలుసు. వీటి పిల్లలు కొన్నాళ్ళు ఏదో ఒక రకం చేప మొప్పలకు అంటుకుని ఉంటే గానీ బతకవు. ఆ చేప ఏదో ఎవరూ కనిపెట్టలేదు. డ్రెయిన్లో ఆరేళ్ళున్నా ఒక్క పిల్ల పుట్టకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. ఫిబ్రవరిలో గీతలు లెక్కపెట్టిన రోజునే నాకు ఇది తెలియాల్సింది.

హనుమంతరావు గారికి నువ్వు చెప్పొద్దని ఫోనులో అన్నాను కదా. పోయిన ఆదివారం నేనే వెళ్ళి చెప్పాను. మిల్లు నుంచి అప్పుడే వచ్చారు, చేతుల మీద ఇంకా తవుడు ఉంది. మొత్తం విన్నారు. అయ్యాక అడిగారు.

"అయితే అమ్మాయి గారూ, అక్కడివి కానివాటి కోసమాండీ నా చేను మునిగింది?"

"అవునండీ."

"మరి ఇప్పుడు అవైనా బతుకుతాయాండీ?"

"బతకవేమోనండీ."

తల ఊపారు. అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుని తవుడు దులుపుకున్నారు. లోపలికి చూసి, "మురళి గారి చెల్లెలు గారొచ్చారు, కాఫీ పెట్టు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ కాఫీ తాగి వచ్చాను.

ఆల్చిప్ప బతికి ఉంటే ముట్టుకోగానే మూసుకుంటుంది. ముట్టుకున్నా తెరుచుకునే ఉంటే పోయినట్టు. కాలేజీకి వెళ్ళే ముందు రోజూ మేడ మీదకు వెళ్ళి ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతున్నాను. మొన్న మంగళవారం ఒకటి మూసుకోలేదు. శుక్రవారం రెండు. ఆ మూడింటినీ సీసాల్లో పెట్టి, చీటీ మీద దొరికిన చోటు అన్న గడిలో "బాతుల మేత, మూలస్థానం ఇప్పుడు లేదు" అని రాశాను.

ఈ పొద్దున ఆరూ మూసుకున్నాయి.

మెషీను తూము దాటిందా? నీరు ఎన్ని అంగుళాలు తీసిందో రాయి.

నీ చెల్లెలు
మృదుల.